మిద్దె మీద సోలార్ ఉండగా ఇంట్లో చీకటెందుకు?

(కరెంటు సంగతులపై పాఠకులు పంపిన ప్రశ్నలకు, విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరై, అనంతపురంలో ఉంటున్న మా శీర్షికాకారుడి జవాబులు. ఈసారి ఉత్తరాలన్నీ సోలార్ బ్యాటరీల గురించే.)

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పోయినేడు సబ్సిడీ స్కీములో 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాం. బిల్లు బాగా తగ్గింది. కానీ మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే, కరెంటు పోతే ఇంట్లో ఫ్యాన్లు తిరగవు. ఇప్పుడొక ఏజెంటు వచ్చి, హైబ్రిడ్ ఇన్వర్టర్, 5 యూనిట్ల లిథియం బ్యాటరీ పెట్టించుకుంటే ఇంట్లో కరెంటు పోదు, బిల్లు కూడా సున్నా అవుతుందంటున్నాడు. మొత్తం 2 లక్షల 10 వేలట. పెట్టించుకోమంటారా?
— రిటైర్డ్ టీచరు

జవాబు: టీచరమ్మ గారూ, ఏజెంటు చెప్పిన రెండు మాటల్లో మొదటిది నిజం. రెండోది సరుకు అమ్ముకోవడానికి చెప్పింది.

ముందు ఫ్యాన్ల సంగతి చూద్దాం. మీ ఇంట్లో ఉన్నది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్. లైన్లో వచ్చే కరెంటును చూసుకుంటూ, దాని ఓల్టేజీతో, 50 హెర్ట్జ్ తాళంతో కలిసి నడుస్తుంది. లైన్లో కరెంటు లేదని తెలిసిన రెండు సెకన్లలోపే ఆగిపోతుంది. అది లోపం కాదు. నాలాంటివాళ్ళ కోసం కావాలని పెట్టిన ఏర్పాటు. రిపేరు వస్తే మేం సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపేశామన్న అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్ (లైన్‌ను విడదీసే స్విచ్) తెరిచి స్తంభం ఎక్కుతాం. సరిగ్గా అప్పుడు మీ ఇంటి సోలార్ లైన్లోకి కరెంటు తోసిందనుకోండి, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ తలకిందులుగా పనిచేసి దాన్ని 11 వేల ఓల్టులు చేస్తుంది. పైనున్న మనిషి బతకడు. ఛేంజోవర్ స్విచ్ (జనరేటర్ కరెంటు లైన్లోకి పోకుండా ఆపేది) లేకుండా జనరేటర్ నడిపే ఇళ్ళ వల్ల ఈ భయం మాకు సోలార్ రాకముందు నుంచే ఉంది. అందుకే ఎల్సీ చేతిలో ఉన్నా, లైన్‌ను ఎర్త్ చేయనిదే ఎవరూ చెయ్యి పెట్టరు.

హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే కరెంటు పోగానే లైన్‌తో తెగిపోయి, బ్యాటరీ ఆధారంతో ఇంటి వరకు సొంతంగా కరెంటు నడుపుకుంటుంది. పగలైతే ప్యానెళ్ళూ పనిచేస్తూనే ఉంటాయి. అంతవరకు ఏజెంటు మాట సరే.

ఇక బిల్లు. బ్యాటరీ తొట్టి లాంటిది, నీళ్ళు పుట్టించదు. మీ 3 కిలోవాట్లు మన ఎండలకు సగటున రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తాయి. (మే నెలలోనే ఎక్కువ వస్తుందనుకుంటారు చాలామంది. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు గానీ వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకీ వందలో 0.3 నుంచి 0.4 వంతు ఉత్పత్తి తగ్గుతుంది. మిద్దె మీద ప్యానెల్ 65 డిగ్రీలకు చేరడం మనకు మామూలే.) పగలు మీరు వాడగా మిగిలింది నెట్ మీటర్ ద్వారా లైన్లోకి పోతుంది, రాత్రి మీకు కావాల్సింది లైన్ నుంచి వస్తుంది. ఇచ్చిన యూనిట్‌కు తీసుకున్న యూనిట్ చెల్లు. అంటే దాచిపెట్టే పని లైనే చేస్తోంది, మీరు పైసా పెట్టకుండా. అదే మిగులును లిథియం బ్యాటరీలో పోసి తీస్తే పదో వంతు దాకా దారిలోనే పోతుంది. రోజూ బ్యాటరీ మీద నడిపితే మీ బిల్లు తగ్గకపోగా ఓ పిసరు పెరుగుతుంది. సున్నా అంటారా, యూనిట్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ చార్జీ ఎక్కడికీ పోదు.

టీచరు గారు కాబట్టి లెక్క కూడా చేసి చూపిస్తాను. 5 యూనిట్ల బ్యాటరీలో వాడుకోదగ్గది నాలుగున్నర. మీకు నెట్ మీటరే లేదనుకుందాం. నెలకు 400 యూనిట్లు దాటినవాళ్ళకు మన రాష్ట్రంలో 2022లో వచ్చిన స్లాబు, యూనిట్‌కు 9 రూపాయల 75 పైసలే వేద్దాం. రోజూ నాలుగున్నర యూనిట్లు ఆదా అయితే ఏడాదికి 16 వేలు. 2 లక్షల 10 వేలు తిరిగి రావడానికి 13 ఏళ్ళు. మీకు నెట్ మీటర్ ఉంది కాబట్టి ఆ 16 వేలు కూడా రావు. పైగా కేంద్రం ఇచ్చే సబ్సిడీ, 3 కిలోవాట్లకు 78 వేలు, ప్యానెళ్ళ కెపాసిటీని బట్టి ఇచ్చేది. బ్యాటరీ కలిపినంత మాత్రాన పెరగదు.

ఈ లెక్క ఎల్లకాలం ఇలాగే ఉంటుందని నేను అనను. పగలు సోలార్ కరెంటు పొంగిపొర్లడం, సాయంత్రం చాలకపోవడం ఇప్పుడు అందరికీ తలనొప్పే. కర్నూలు దగ్గర గని, శకునాల వైపు 1000 మెగావాట్ల పార్కు ఉంది, పొద్దుగూకితే అందులో ఒక్క బల్బుకు సరిపడా కూడా రాదు. పిన్నాపురంలో నీళ్ళను పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు ఆ చిక్కుకే. రేపు మనం ఇచ్చే యూనిట్‌కు తక్కువ రేటు, తీసుకునే యూనిట్‌కు ఎక్కువ రేటు కట్టే పద్ధతి వస్తే ఇంటి బ్యాటరీకీ గిట్టుబాటు మొదలవుతుంది. అప్పుడు చూసుకోవచ్చు.

మరి మీ ఉక్కపోతకు మందు? కరెంటు పోయినప్పుడు మీకు నిజంగా కావాల్సినవేవో రాసుకోండి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30. మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఐదు బల్బులు, టీవీ, వైఫై కలిపితే 225 వాట్లు. ఫ్రిజ్‌ను ఇందులో కలపకండి, తలుపు తెరవకుంటే మూడు గంటలు చల్లగానే ఉంటుంది. ఈ లోడుకు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబ్యులర్ బ్యాటరీ, అంటే నీళ్ళు పోసే లెడ్ యాసిడ్ రకం ఒక్కటి, మామూలు ఇన్వర్టర్ ఒకటి చాలు, మూడు గంటలు లాగుతుంది. సోలార్‌ను ముట్టుకోనక్కర్లేదు. పగలు ఆ బ్యాటరీ ఎక్కేది ఎటూ మీ ప్యానెళ్ళ కరెంటుతోనే. ఒక్కటే లోటు, పగలు కరెంటు పోతే సోలార్ ఇప్పటిలాగే ఆగిపోతుంది. వైరింగ్ చేసేటప్పుడు ఇన్వర్టర్ మీద నడిచే లైన్లకు న్యూట్రల్ కూడా వేరు చేయించండి. ఫేజు ఒక్కటే మార్చి చేతులు దులుపుకునే ఎలక్ట్రీషియన్లు ఎక్కువ. ఆ తర్వాత ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఊరికే పడిపోతోందని మళ్ళీ మనమే పిలవాలి.

ఏసీ కూడా ఆగకూడదు, డబ్బుకు ఇబ్బంది లేదు అంటే హైబ్రిడ్ పెట్టించుకోండి, తప్పేం లేదు. కాకపోతే ముందుగా మీ సెక్షన్ ఏఈకి (విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరుకు) రాసి ఇవ్వండి, నెట్ మీటర్ కాగితాల్లో ఉన్నది పాత ఇన్వర్టర్ కదా. సోలార్ పెట్టినవాళ్ళకూ చెప్పండి. సబ్సిడీ ప్లాంటుకు అయిదేళ్ళ సర్వీసు వాళ్ళ బాధ్యత. బయటివాళ్ళు విప్పారని తెలిస్తే ‘మాకు సంబంధం లేదు’ అనడానికి వాళ్ళకు సాకు దొరుకుతుంది.

ప్రశ్న: ఆదోనిలో మా ఇంట్లో 24 ఓల్టుల ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీలు రెండు ఉన్నాయి. కొని ఐదేళ్ళు దాటింది. 540 వాట్ల ప్యానెళ్ళు రెండు కొని వీటికే కలపాలనుకుంటున్నా. బ్యాకప్ చాలకపోతే పక్కనే ఇంకో రెండు కొత్త బ్యాటరీలు పెట్టొచ్చా?

జవాబు: పెట్టొద్దన్నా. కొత్తవాటిని పాతవాటితో కలిపితే పాతవి బాగుపడవు, కొత్తవే పాడవుతాయి.

ముందు ఉన్నవాటిలో జీవం ఎంతుందో చూడు. నిండా చార్జ్ చేసి, నాలుగైదు గంటలు ఏమీ కదిలించకుండా ఉంచి, ఒక్కో బ్యాటరీ ఓల్టేజీ చూడు. 12.6 అటూ ఇటూ ఉండాలి. తర్వాత హైడ్రోమీటర్‌తో (యాసిడ్ చిక్కదనం కొలిచే గొట్టంతో) ఒక్కో సెల్లు చూడు. ఏదైనా ఒక సెల్లు మిగతావాటికంటే 50 పాయింట్లు (1250కి బదులు 1200 లాగా) తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. దానికి ప్యానెల్ పెట్టడం దండగ.

బాగున్నాయనుకుందాం. అప్పుడు కూడా రెండు ప్యానెళ్ళు ఎక్కువే. ఒక 540 వాట్ల ప్యానెల్ 24 ఓల్టుల బ్యాటరీలోకి 20 ఆంపియర్లు పంపగలదు. 150 ఏహెచ్ ట్యూబ్యులర్‌కు అదే పైహద్దు. రెండు పెడితే 40 ఆంపియర్లు, బ్యాటరీ ఉడుకుతుంది. అంగట్లో ఈ మాట ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ళకు రెండో ప్యానెల్ కూడా అమ్ముడుపోవాలి. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య పెట్టే చార్జ్ కంట్రోలర్ మాత్రం ఎంపీపీటీదే (ప్యానెల్ ఓల్టేజీని వృథా చేయకుండా బ్యాటరీకి తగ్గట్టు మార్చే రకం) కొను. ఈ ప్యానెల్ 40 ఓల్టుల దగ్గర పనిచేసేది. చవకగా దొరికే పీడబ్ల్యూఎం కంట్రోలర్ దాన్ని బ్యాటరీ ఓల్టేజీకి, అంటే 27కి దించేస్తుంది. ప్యానెల్ మీద పెట్టిన డబ్బులో మూడో వంతు అక్కడే పోతుంది.

రేపు కొత్తవి కొనాల్సి వస్తే సీ10 (10 గంటల్లో తీస్తే వచ్చే అంకె) అని రాసి ఉన్న సోలార్ బ్యాటరీ, ఐఎస్ 16270 (సోలార్ బ్యాటరీలకు మన దేశ ప్రమాణం) గుర్తు చూసి తీసుకో. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీల మీద రాసేది సీ20 లెక్క, 20 గంటలు నెమ్మదిగా తీస్తే వచ్చే అంకె. చూడ్డానికి రెండింటి మీదా 150 అనే ఉంటుంది. నీళ్ళు డిస్టిల్డ్‌వే పోయాలి. మన బోరు నీళ్ళలోని సున్నం, ఉప్పు ప్లేట్లకు పడతాయి. ఆర్వో నీళ్ళూ పనికిరావు, వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి.

ప్రశ్న: మాది కడప. మా నాన్నకు రాత్రిపూట ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టాలన్నారు డాక్టరు. మా ఇంటి మీద 2 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్ ఉంది. కరెంటు పోతే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది. ఎంత బ్యాటరీ కావాలి?

జవాబు: తమ్ముడూ, ప్రొద్దుటూరు టీచరు గారికి వద్దన్న బ్యాటరీనే నీకు పెట్టించుకోమంటాను. 5 లీటర్ల కాన్సంట్రేటర్ మూడు వందల నుంచి మూడు వందల యాభై వాట్లు తీసుకుంటుంది. మిషన్ వెనక చీటీ మీద నీది ఎంతో చూడు. 350 అయితే, ఎనిమిది గంటలకు 2.8 యూనిట్లు. ఇన్వర్టర్‌లో పోయేది, బ్యాటరీలో అడుగున వదిలేయాల్సింది, నాలుగైదేళ్ళకు తగ్గే కెపాసిటీ అన్నీ కలుపుకుంటే నాలుగు దాటుతుంది. కాబట్టి 5 యూనిట్ల లిథియం, అదీ ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దే (లైన్ కరెంటులాగే నునుపైన అల ఇచ్చేది) కావాలి, స్క్వేర్ వేవ్ మీద కంప్రెసర్ వేడెక్కుతుంది.

నీకు హైబ్రిడ్ కూడా పనికొస్తుంది. మే నెల గాలివానకు స్తంభాలు పడిపోతే ఒక్కోసారి మర్నాడు సాయంత్రానికి గానీ లైన్ రాదు. పగలు ప్యానెళ్ళు బ్యాటరీని మళ్ళీ నింపితేనే రెండో రాత్రి గడుస్తుంది. అయినా ఇంట్లో నిండు ఆక్సిజన్ సిలిండర్ ఒకటి ఉండాల్సిందే. దాన్ని ఎట్లా, ఎంత పెట్టాలో డాక్టరు దగ్గరే నేర్చుకో. ఇంట్లో ఇలాంటి పేషెంటు ఉన్నారని మీ లైన్‌మ్యాన్‌కు ముందే చెప్పి ఉంచు. కరెంటు పోయిన వెంటనే 1912కి ఫోన్ చెయ్యి, ఊరంతా పోయింది కదా ఎవరో చేసుంటారులే అనుకోకు.

ప్రశ్న: తాడిపత్రిలో కొత్త ఇల్లు. బ్యాటరీలను మిద్దె పైన మెట్ల గదిలో పెడితే ప్యానెళ్ళకు దగ్గరగా ఉంటాయి, కింద స్థలమూ కలిసొస్తుంది అంటున్నాడు మేస్త్రీ. సరేనా?

జవాబు: మేస్త్రీని మే నెల మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో తలుపేసుకుని కూర్చోమను తల్లీ! బయట 43 ఉన్నప్పుడు ఆ గదిలో 50 ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ దాదాపు సగానికి పడిపోతుంది. లిథియం అయితే 50, 55 దాటగానే లోపలున్న బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చార్జింగ్ ఆపేస్తుంది. ఎండ కాసినంతసేపూ చార్జ్ కాని సోలార్ బ్యాటరీ ఎవరికి కావాలి?

కిందే పెట్టించు. ఉత్తరం గోడవైపు, గాలి ఆడేచోట. ప్యానెళ్ళ నుంచి వచ్చే వైరు పొడవైనా ఇబ్బంది లేదు, బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య వైరే పొట్టిగా, లావుగా ఉండాలి. 2 కిలోవాట్ల లోడుకు 48 ఓల్టుల బ్యాటరీ నుంచి 42 ఆంపియర్లు పారితే, 12 ఓల్టుల బ్యాటరీ నుంచి 167 పారుతుంది. ఆ మధ్యన డీసీ ఫ్యూజు పెట్టించు. ఇంట్లో లైన్ కరెంటుకు (ఏసీ కరెంటుకు) వాడే ఎంసీబీ స్విచ్ అక్కడ పెడితే పడినా లోపల నిప్పురవ్వ ఆరదు. లెడ్ యాసిడ్ అయితే చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి దీపం వెలిగించే పూజగది పక్కన, గ్యాస్ సిలిండర్ ఉన్న మూలలో వద్దు. మెట్ల కింద మూసేసిన అరలోనూ వద్దు.

ప్రశ్న: కళ్యాణదుర్గం నుంచి. పాత ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు చవకగా దొరుకుతున్నాయి. వీడియోలు చూసి సెల్స్ విడదీసి, ఇంటికి 48 ఓల్టుల ప్యాక్ నేనే చేసుకోవచ్చా? చేను దగ్గర బోరు మోటారు కూడా దాని మీద నడపాలని ఉంది.

జవాబు: వద్దు నాయనా. స్కూటర్లలో ఎక్కువగా వాడేది ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉండే లిథియం) రకం. ఐరన్ ఫాస్ఫేట్‌తో పోలిస్తే తక్కువ వేడికే అదుపు తప్పుతుంది, ఒకసారి అంటుకుంటే పక్క సెల్లుకూ పాకుతుంది. 2022లో స్కూటర్లు వరసగా తగలబడ్డాకే వాహనాల బ్యాటరీల పరీక్షల నిబంధన, ఏఐఎస్ 156ను కఠినం చేశారు. ఆ పరీక్షలు ప్యాక్ మొత్తానికి. నువ్వు విప్పి మళ్ళీ అతికించినదానికి అవేవీ వర్తించవు. నువ్వు దాన్ని పెట్టేది జనం పడుకునే ఇంట్లో.

బోరు మోటారుకు బ్యాటరీ ఆలోచనే మానుకో. 5 హెచ్‌పీ మోటారు 3.7 కిలోవాట్లు, స్టార్టింగ్‌లో మామూలుకు ఐదారింతల ఆంపియర్లు లాగుతుంది. చేనికి బ్యాటరీ లేని సోలార్ పంపుసెట్టు వేరే ఉంటుంది, ఎండ ఉన్నంతసేపు తోడి సంపులో నిల్వ చేసుకోవచ్చు. దాని గురించి ఉత్తరం రాసేటప్పుడు బోరు లోతు, నీళ్ళు ఎన్ని అడుగుల దగ్గర తగులుతున్నాయో కూడా రాయి.