ఇసుక నేలల గడ్డిభూములపై పరిశోధన: ఉపాధి మాటేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ చివరి సంవత్సరంలో ఉంది. ఇసుక నేలల్లోని గడ్డిభూములపై వాతావరణ, భూవినియోగ మార్పుల ప్రభావాన్ని దీర్ఘకాలం పరిశీలించే పరిశోధనలోకి వెళ్తానంటోంది. ఫలితం తేలడానికే ముప్పై ఏళ్లు పట్టే పనిలో స్థిరపడేదెప్పుడు?
– ఒక తండ్రి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: ముప్పై ఏళ్లు సాగేది పరిశీలనే గాని, మీ అమ్మాయి పీహెచ్‌డీ కాదండీ. ఈ రంగంలో చేరేవారు ముందువారు సేకరించి ఉంచిన కొలతలతో పని మొదలుపెట్టి, తమ వంతు నాలుగైదేళ్ల కొలతలను వాటికి చేరుస్తారు. అమెరికాలోని మిన్నెసోటాలో సీడర్ క్రీక్ అనే ఇసుక నేలల క్షేత్రంలో 1982 నుంచి ఇటువంటి పరిశీలన జరుగుతోంది. 1988 నాటి తీవ్రమైన కరవును ఎక్కువ జాతుల మొక్కలున్న మడులే మెరుగ్గా తట్టుకున్నాయని అక్కడివారు చెప్పగలిగారంటే, కరవుకు ముందు నుంచీ ఆ మడుల లెక్కలు చేతిలో ఉండబట్టే. ఇసుకలో నీరు నిలవదు, సేంద్రియ పదార్థమూ తక్కువే. అందువల్ల వానలు తగ్గినా, పచ్చికను దున్ని కొన్నాళ్లు సాగుచేసి బీడు పెట్టినా, నేల తిరిగి కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. మన దేశంలో రాజస్థాన్‌లో జైసల్మేరు వైపు సేవణ్ అనే గడ్డి పెరిగే భూములు ఇటువంటివే.

పని ఎలా ఉంటుందో కూడా మీరు తెలుసుకోవాలి. నేలలో దిగ్గొట్టిన మేకుల గుర్తుల దగ్గర ఏటా అదే రుతువులో చదరపు మీటరు చట్రం పరచి, ఏ గడ్డి ఎంత శాతం నేలను కప్పిందో రాసుకోవాలి. పక్క మడిలో గడ్డి కోసి, జాతులవారీగా విడదీసి, ఓవెన్‌లో ఆరబెట్టి తూకం వేయాలి. పూత లేని గడ్డిని, ఆకు కాండాన్ని అంటుకునే చోట ఉండే సన్నటి పొరను లెన్సుతో చూసి గుర్తుపట్టవలసి వస్తుంది. మార్కుల జాబితాలో ఈ ఓపిక కనిపించదు కనుక, ఈ వానాకాలం మీ ఊరి బీడులోనైనా ఒకసారి చేసి చూడమనండి.

చదువు విషయానికొస్తే, ఎకాలజీ (జీవావరణ శాస్త్రం)లో ఎమ్మెస్సీ చేస్తూ గేట్ ప్రవేశ పరీక్షలోని ‘ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ పేపరుకు, నెట్ అర్హత పరీక్షకు సిద్ధం కావాలి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, వాటికి తోడు ఇంటి అద్దె భత్యం ఉంటాయి. నా అభిప్రాయంలో వృక్షశాస్త్రం కన్నా ఆమెకు ముందుగా కావలసింది గణాంకశాస్త్రం, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా (CRIDA), బాలానగర్‌లోని ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ వంటి సంస్థల పనికి కూడా ఆ నైపుణ్యాలు పనికొస్తాయి. మీరు భయపడవలసింది ముప్పై ఏళ్లను చూసి కాదు, నిధులు అయిపోగానే ముగిసిపోయే ప్రాజెక్టు ఉద్యోగాలను చూసి. చేరే ముందు కాలపరిమితి ఎంతో, పాత కొలతలను వాడుకుని సొంతంగా వ్యాసాలు ప్రచురించుకోనిస్తారో లేదో గైడును స్పష్టంగా అడగమనండి.