వాడని ఫోర్జ్‌డ్ పిస్టన్లు అమ్మబోతున్న అబ్బాయికి

చిరంజీవికి మీ బాబాయి ఆశీస్సులు.

టొయోటా సుప్రా కారు ఇంజన్ పని మధ్యలో ఆగిపోయిందనీ, దానికోసం ఆర్డరిచ్చి చేయించిన ఆరు ఫోర్జ్‌డ్ (లోహాన్ని ఒత్తిడితో అచ్చుకొట్టి చేసిన) పిస్టన్లు పెట్టెలోనే ఉండిపోయాయనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాటిని అమ్మేయాలనుకోవడం మంచిదే. అయితే ఎంతకు అమ్మాలన్న దగ్గరే నీ ఆలోచన ఆగిందని విన్నాను. ధర సంగతి తరువాత చూద్దాం. ఆర్డరు మీద చేయించిన పిస్టన్ ఏ బోరుకు (సిలిండరు లోపలి వ్యాసం), ఏ స్ట్రోకుకు (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం), ఏ హెడ్డుకు (సిలిండర్లను పైన మూసే భాగం) చేసినదో కాగితం చూపించి చెప్పగలిగినప్పుడే దానికి విలువ ఉంటుంది. ఆ వివరాలు లేకపోతే ఎంత మెరుస్తున్నా, కొనేవాడికి అది అల్యూమినియం ముద్ద కిందే లెక్క.

కాబట్టి ముందు స్పెక్ షీటు వెతుకు. పిస్టన్లతోపాటు పెట్టెలో వచ్చి ఉంటుంది. అది కనబడకపోతే పెట్టె మీద గాని, పిస్టన్ లోపలివైపు గాని ఉన్న జాబ్ నంబరు రాసుకుని, నువ్వు ఆర్డరిచ్చిన షాపును అడుగు. పిస్టన్ వ్యాసం, దాన్ని ఎక్కడ కొలవాలి, సిలిండరు గోడకు ఎంత క్లియరెన్సు (ఖాళీ) వదలాలి, పిన్ను (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే కడ్డీ) మధ్య నుంచి క్రౌన్ (పిస్టన్ పైతలం) వరకు ఎత్తు, పిన్ను మందం, రింగు గాడుల వెడల్పు, డిష్ (పైతలంలోని గుంట) ఎన్ని సీసీలు, ఏ మిశ్రలోహం అన్నవి అందులో ఉండాలి. మిశ్రలోహం సంగతి చాలామంది రాయరు, నువ్వు తప్పక రాయి. 2618 రకంలో సిలికాన్ దాదాపు ఉండదు. టర్బో ఒత్తిడికీ డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) దెబ్బలకూ బాగా తట్టుకుంటుంది గాని వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, అందుచేత క్లియరెన్సు ఎక్కువ వదలాలి, చల్లటి ఇంజన్‌లో కాస్త టకటకమంటుంది. 4032 రకంలో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది. అది తక్కువ క్లియరెన్సుతో, తక్కువ చప్పుడుతో నడుస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే బండిలో వేసేవాడికీ, ట్రాక్ మీద పరుగెత్తించేవాడికీ ఈ తేడా మొదటే తెలియాలి.

షీటు దొరికినా ఆరింటినీ నువ్వే స్వయంగా కొలువు, లేదా దగ్గరి మెషిన్ షాపులో కొలిపించు. వెర్నియర్ కాలిపర్ ఈ పనికి చాలదు, మైక్రోమీటరే కావాలి. పిస్టన్ చూడడానికి గుండ్రంగా ఉన్నా నిజానికి గుండ్రం కాదు; పిన్ను దిశలో కాస్త సన్నంగా, దానికి అడ్డంగా కాస్త వెడల్పుగా ఉంటుంది, స్కర్టు (రింగుల కింద ఉండే పక్క భాగం) మధ్యలో ఉబ్బి ఉంటుంది. అందుకే షీటులో చెప్పిన ఎత్తులో, పిన్నుకు సరిగ్గా తొంభై డిగ్రీల దిశలోనే కొలవాలి. స్కర్టు మీద నల్లటి కోటింగు ఉంటే ఆ కొలత కోటింగుతో కలిపి తీసినదని పక్కన రాయాలి. ఇక వేడి విషయం. కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెప్పుకోవాలని పద్ధతి. మీ హ్యూస్టన్ గరాజులో 38 డిగ్రీల ఎండపూట 86.5 మిల్లీమీటర్ల పిస్టన్ సుమారు 0.036 మి.మీ. పెరిగి ఉంటుంది. మైక్రోమీటరు ఉక్కు కూడా కొంత పెరుగుతుంది కాబట్టి తేడా అంతా కొలతలో కనబడదు, దాదాపు సగం కనబడుతుంది. వదలాల్సిన క్లియరెన్సే 0.09 మి.మీ. చుట్టూ ఉండే పనిలో అది చిన్న తప్పు కాదు. పిస్టన్లనూ మైక్రోమీటరునూ రాత్రంతా ఏసీ గదిలో ఉంచి, పొద్దున్న కొలువు.

ప్రకటనలో కొందరు "9 కంప్రెషన్ పిస్టన్లు" అని రాసి ఊరుకుంటారు. కంప్రెషన్ 9 అంటే సిలిండరులోని గాలి తొమ్మిదో వంతు చోటులోకి నొక్కుకోవడం; ఆ మాట పిస్టన్ ఒక్కదాన్ని బట్టి చెప్పగలిగింది కాదు. నీ సుప్రాలోని 2జేజెడ్ ఇంజన్‌లో అసలు బోరు 86 మి.మీ., స్ట్రోకు 86 మి.మీ. బోరు 86.5 చేస్తే ఒక్కో సిలిండరు 505 సీసీలు వస్తుంది. కంప్రెషన్ 9 రావాలంటే పైన మిగిలే ఖాళీ 63 సీసీలు ఉండాలి. కొనేవాడు అర మిల్లీమీటరు మందం ఎక్కువున్న గ్యాస్కెట్ (హెడ్డు కింద వేసే పలుచటి రేకు) వేస్తే ఆ ఖాళీ ఇంకో 3 సీసీలు పెరిగి, 9 కాస్తా 8.6కు దిగుతుంది. అందుచేత డిష్ ఎన్ని సీసీలో చెప్పి, ఏ గ్యాస్కెట్ మందానికి, ఏ హెడ్డుకు 9 వస్తుందో కలిపి రాయి. స్ట్రోకు సంగతి ఇంకా ముఖ్యం. 2జేజెడ్‌ను 3.4 లీటర్లకు పెంచేవాళ్లు 94 మి.మీ. స్ట్రోకున్న క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) వేస్తారు. స్ట్రోకు 8 పెరిగితే పిస్టన్ 4 మి.మీ. పైకి వెళుతుంది. నీ పిస్టన్లు 86 స్ట్రోకు కోసం చేసినవి కాబట్టి వాటిని అదే రాడ్డుతో ఆ క్రాంకుకు పెడితే హెడ్డుకు తగులుతాయి. "94 స్ట్రోకుకు పనికిరావు" అన్న వాక్యం ప్రకటనలో మొదటి రెండు మూడు వరుసల్లోనే ఉండాలి.

"వాడనివి" అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడు. పెట్టె తెరవకుండా ఉన్నది ఒకటి. రాడ్డుకు బిగించి, బ్లాకులో (సిలిండర్లున్న దిమ్మె) పెట్టి, వాల్వులకు ఎంత దూరం ఉందో చూసి తీసినది మరొకటి. రెండూ ఇంజన్‌లో తిరగనివే, అయినా కొనేవాడి దృష్టిలో ఒకటి కావు. పిన్ను లాకులు ఒకసారి వేసి తీసి ఉంటే వాటిని పక్కన పడేసి కొత్తవి పెట్టి ఇవ్వు, ఖర్చు కొద్దిదే. రింగుల చివరలను నీ బోరుకు తగినట్టు ఫైలు చేసి ఉంటే దాచకుండా చెప్పు. ఫైలు చేశాక ఆ చివరల మధ్య గ్యాప్ మళ్లీ తగ్గదు కనుక అతనికి కొత్త రింగులు కావలసి రావచ్చు. ఆరు పిస్టన్లూ బరువు చూసి జతచేసినవి కాబట్టి, ఎవరైనా ఒకటో రెండో అడిగినా సెట్టు విడగొట్టకు.

ఎవరికి అమ్మాలన్నది నా లెక్కలో తేలిక ప్రశ్న. బ్లాకును ఇంకా బోరు చేయించనివాడే నీకు తగిన మనిషి. అతని దగ్గర 86 బోరు బ్లాకు ఉంటుంది, నీ పిస్టన్లు చేతికొచ్చాక దాన్ని 86.5కు చేయించుకుంటాడు. విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ పని నేర్చుకున్న రోజుల్లోనూ, తరువాత ఇక్కడి షాపుల్లోనూ నేను చూసిన పద్ధతి ఒకటే: పిస్టన్ను ముందు మేస్త్రీ చేతిలో పెట్టి కొలిపించి, ఆ కొలతకు క్లియరెన్సు కలిపి హోనింగ్ (బోరు గోడను సన్నగా అరగదీసి తుది కొలతకు తేవడం) చేయించాలి. ఒక కుర్రవాడు తొందరపడి, పిస్టన్లు రాకముందే కాగితం మీది అంకెను బట్టి బ్లాకు పూర్తిచేయించాడు. తీరా పిస్టన్లు వచ్చాక కొలిస్తే బోరు వదులైంది. బోరు ఒకసారి పెద్దదైతే మళ్లీ చిన్నది చేయాలంటే స్లీవు (లోపల కొత్త గొట్టం) వేయడమే దారి. అతను చివరకు ఇంకో సైజు పిస్టన్లు కొనుక్కోవలసి వచ్చింది. నీ దగ్గర కొనే మనిషికి ఈ ముక్క ముందుగానే చెప్పు. బ్లాకు ఇప్పటికే 87కు చేయించానని ఎవరైనా అంటే, డబ్బు చేతికొస్తున్నా సరే, నీ పిస్టన్లు అతనికి పనికిరావని చెప్పు. ప్రకటన పెట్టే ముందు మీ ఊళ్లో 2జేజెడ్ ఇంజన్లు కట్టే మెషిన్ షాపులను ఒకసారి అడుగు. బ్లాకు పెట్టుకుని పిస్టన్ల కోసం చూస్తున్న మనిషి వాళ్లకే ముందు తెలుస్తాడు.

ఇప్పుడు ధర. నువ్వు ఎంత పెట్టి చేయించావన్నది కొనేవాడికి అక్కరలేదు. ఈ ఇంజన్‌కు 86, 86.5, 87 సైజుల్లో షెల్ఫు మీద సిద్ధంగా దొరికే కొత్త సెట్లు ఉన్నాయి, వాటికి వెనక్కి ఇచ్చే వీలు కూడా ఉంటుంది. నీ సెట్టుకు ఆ వీలు లేదు. కనుక ఆ కొత్త సెట్టు ధరలో మూడింట రెండు వంతులు అడిగి, సగం దగ్గర ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉండు. నీ సెట్టులో షెల్ఫు సెట్టుకు లేని ప్రత్యేకత, అంటే మందపు పిన్ను గాని, క్రౌన్ మీద కోటింగు గాని ఉంటే కాస్త గట్టిగా నిలబడవచ్చు. బాధగా ఉంటుందని తెలుసు, కానీ ఇంకో రెండేళ్లు దాచినంత మాత్రాన ధర పెరగదు.

ఫొటోలు తీసేటప్పుడు క్రౌన్, స్కర్టు, లోపలి జాబ్ నంబరు, రింగు గాడులు విడివిడిగా తీసి, ఒక ఫొటోలో తేదీ రాసిన కాగితం పక్కన పెట్టు. అడిగినదానికంటే ఎక్కువకు చెక్కు పంపి, మిగిలింది తిరిగి పంపమనేవాడితో మాట కూడా వద్దు. ఖాతాలో జమైనట్టు బ్యాంకు చూపించిన చెక్కు కూడా తరువాత చెల్లక తిరిగి రావచ్చు.

పంపేటప్పుడు పిన్నులను పిస్టన్లలో వదలకుండా వేరే కట్ట కట్టు. ప్రతి పిస్టన్‌కూ పలుచగా నూనె రాసి సంచిలో వేసి, అట్ట గదులున్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టి, పూర్తి విలువకు ఇన్సూరెన్సు చేయించు. రింగు గాడి అంచు ఒక్కచోట సొట్టపడినా ఆ పిస్టన్ పోయినట్టే, దానితో సెట్టూ పోయినట్టే. స్పెక్ షీటు నకలు ఒకటి పెట్టెలో వేసి, ఇంకొకటి అతని బ్లాకు పనిచేసే మేస్త్రీకి నేరుగా పంపించు. ఆయన హోనింగ్ మొదలుపెట్టే ముందు ఏదైనా అడగాలంటే నీ నంబరు ఆయన దగ్గర ఉండాలి.

మీ బాబాయి