రెరా నంబరు రాని ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. చాలా ఏళ్లుగా లోచపడ వైపు అద్దె ఇంట్లో ఉంటున్నాం. మావారు బట్టల కొట్లో లెక్కలు రాస్తారు, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 42 వేలు వస్తుంది. అంబపువా దగ్గర ఒక బిల్డరు 30 డెసిమల్ల స్థలంలో 24 ఫ్లాట్లు కడుతున్నాడు. మాకు చెప్పిన ధర 24 లక్షలు. 5 లక్షలు నగదుగా ఇస్తే ఫ్లాటు మా పేరున ఉంచుతానని, రెరా నంబరు వచ్చే నెల వస్తుందని, ప్రధానమంత్రి ఆవాస్ సబ్సిడీ తనే ఇప్పిస్తానని అంటున్నాడు. మిగతా డబ్బు బ్యాంకు లోను. ఇచ్ఛాపురంలో మా మామగారు సొంత సంపాదనతో కట్టుకున్న డాబా ఇల్లు ఉంది. మా రేషన్ కార్డు ఇంకా అక్కడే ఉంది. మాకు సబ్సిడీ వస్తుందా? రాయగడలో ఉండే మా అన్నయ్యేమో, ఊరి అంచున ఒక గిరిజన కుటుంబం స్థలం చవగ్గా ఇస్తోంది, కాగితం రాయించుకుని ఇల్లు వేసుకోమంటున్నాడు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ముందుగా ఒక్క మాట. ఆ 5 లక్షలు ఇవ్వకండి. వచ్చే నెల నంబరు వచ్చాక కూడా నగదుగా ఇవ్వకండి.

2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అంటే మనం రెరా అంటున్నది, మీలాంటి వాళ్ల కోసమే వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఎనిమిదికి మించి ఫ్లాట్లు కట్టేవాళ్లు ప్రాజెక్టును రెరాలో రిజిస్టర్ చేయించి నంబరు తీసుకోవాలి. 30 డెసిమల్లంటే 1,200 చదరపు మీటర్ల పైమాటే, ఫ్లాట్లు 24. కాబట్టి మీ బిల్డరు తప్పించుకునే దారి లేదు. ఆ నంబరు రాకముందు ప్రకటన వేయడం, బుకింగ్ తీసుకోవడం, అమ్మడం అన్నీ సెక్షన్ 3 ప్రకారం నిషేధం. "నంబరు వస్తుంది, ముందు డబ్బు కట్టండి" అనే మాటే చట్టానికి విరుద్ధం.

నంబరు వచ్చాక సెక్షన్ 13 ఉంది. అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ ఫ్లాటుకు అది 2 లక్షల 40 వేలు. ఆయన అడుగుతున్నది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు "ఫ్లాటు చేజారిపోతుందేమో" అని భయపడతారు. ఆ భయం మీదే ఈ బేరాలు నడుస్తున్నాయి. కుట్టుమిషన్ మీద కూడబెట్టిన సొమ్ము తెల్లకాగితం రసీదుకు ఇచ్చేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇచ్చేది ఎంతైనా చెక్కు ద్వారానో, బ్యాంకు బదిలీ ద్వారానో ఇవ్వండి.

సబ్సిడీ సంగతి. అది బిల్డరు ఇప్పించేది కాదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద 2024 సెప్టెంబరు 1 నుంచి మంజూరై చేతికొచ్చిన గృహరుణాలకు వడ్డీ రాయితీ ఉంది. కుటుంబ వార్షికాదాయం 9 లక్షల లోపు ఉండాలి, ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు దాటకూడదు, కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే స్థలం, 120 చదరపు మీటర్లు మించకూడదు. మీ ఆదాయం ఏడాదికి 5 లక్షల 4 వేలు, అంటే 3 నుంచి 6 లక్షల అల్పాదాయ వర్గం. లోనులో మొదటి 8 లక్షల మీద 4 శాతం లెక్కన రాయితీ వస్తుంది, గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు. అదీ ఒకేసారి కాదు, ఐదేళ్లలో ఐదు విడతలుగా మీ లోను ఖాతాలోనే జమవుతుంది. "రెండున్నర లక్షలు వచ్చేస్తాయి, అందులోంచి నాకు కట్టండి" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ లెక్క సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే పేదల విభాగానిది, మీది కాదు. దరఖాస్తు పథకం పోర్టల్‌లో ఆధార్‌తో మీరే చేసుకోవచ్చు, లోను ఇచ్చే బ్యాంకును కూడా అడగండి. బిల్డరుకు "ప్రాసెసింగ్" పేరుతో ఒక్క పైసా ఇవ్వనక్కర్లేదు.

ఇచ్ఛాపురం ఇంటితో మీకు అడ్డంకి లేదు. పథకం దృష్టిలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. వీళ్లలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. మామగారు సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లు, ఆయన ఉన్నంతకాలం ఆయనదే. ఆయన తదనంతరం వీలునామా లేకపోతే మీవారికి వాటా పుడుతుంది, అప్పుడు లెక్క మారుతుంది. అందుకే ఈ ఆలోచనేదో ఇప్పుడే తేల్చుకోవడం మంచిది. రేషన్ కార్డు ఆంధ్రలో ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. కానీ ఆ కార్డు మీద మీ పేరునో మీవారి పేరునో గత 20 ఏళ్లలో ప్రభుత్వ ఇల్లు మంజూరై ఉంటే మాత్రం ఈ పథకం మీకు రాదు. ఇటు అటు కాపురాలున్న మన సరిహద్దు కుటుంబాల్లో ఇది తరచూ జరుగుతుంది. పెద్దవాళ్లు ఎప్పుడో దరఖాస్తు పెట్టి ఉంటారు, కోడలికి తెలియదు. మామగారిని ఒకసారి అడగండి. దాచి అఫిడవిట్ ఇస్తే తర్వాత చిక్కు మీకే.

ఇక మీ అన్నయ్య చెప్పిన స్థలం. దాని జోలికి వెళ్లొద్దు. రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా 1956 నాటి రెగ్యులేషన్ 2 ఉంది. 2002లో చేసిన సవరణతో అధికారి అనుమతి తీసుకుని కొనే దారి కూడా మూసేశారు. తెల్లకాగితం, స్టాంపు కాగితం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఇంకొకరి పేరు మీద కొనడం, ఏ దారిలో వెళ్లినా ఆ లావాదేవీ చెల్లదు. సబ్ కలెక్టర్ మిమ్మల్ని ఖాళీ చేయించి భూమిని అసలు హక్కుదారులకు తిరిగి అప్పగించగలరు. మీ డబ్బు పోతుంది, కట్టిన గోడలూ పోతాయి. ఆ చట్టం వెనక ఒక న్యాయం ఉందని కూడా మీ అన్నయ్యకు చెప్పండి. అప్పులకూ అవసరాలకూ కారుచౌకగా భూములు పోగొట్టుకున్న కుటుంబాలను కాపాడటానికే అది వచ్చింది. చవగ్గా వస్తోందంటే, అమ్మేవాళ్లు ఏదో ఇబ్బందిలో ఉన్నారనే అర్థం.

బరంపురం ఫ్లాటే ఖాయమనుకుంటే బిల్డరును పట్టా నకలు అడగండి. ఖాతా నంబరు, ప్లాటు నంబరు పట్టుకుని ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో మీరే చూడొచ్చు. అందులో కిసమ్, అంటే భూమి రకం, అనే గడి చూడండి. ఘరబారి అని ఉంటే ఇళ్ల స్థలం. శారద అని ఉంటే వరి పొలం, దాన్ని ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఏ కింద మార్పించుకున్న ఉత్తర్వు చూపించమనండి. హక్కు గడిలో స్థితిబాన్, అంటే అమ్ముకునే హక్కున్న సొంత భూమి, అని ఉండాలి. పట్టాలో పేరున్న మనిషీ, మీకు అమ్ముతున్న మనిషీ ఒకరు కాకపోతే మధ్యలో ఏ కాగితాలున్నాయో అడగండి. బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ మంజూరు చేసిన ప్లాన్, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, కూడా కావాలి. బ్యాంకు లాయరు చూస్తాడులే అని వదిలేయకండి. ఆయన బ్యాంకు కోసం చూస్తాడు, మీ కోసం కాదు.

ఒప్పందం ఒడియాలో ఉండొచ్చు. మన ఇళ్లలో ఒడియా ధారాళంగా మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నారు, చదవలేనివాళ్లూ ఉన్నారు. మొహమాటపడకుండా కాపీ ఇంటికి తెచ్చుకోండి. చదవగలిగినవాళ్లతో ప్రతి పేజీ చదివించుకున్నాకే సంతకం పెట్టండి. కార్పెట్ ఏరియా ఎంత, అప్పగించే తేదీ ఏది అన్న రెండూ అంకెల్లో ఉండాలి. "సుమారు" అనే మాట ఎక్కడున్నా కొట్టించండి.

ఖర్చు లెక్క కూడా వేసుకోండి. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవారికి 5 శాతం, ఆడవారికి 4 శాతం. ఫ్లాటు మీ పేరున రాయించుకుంటే 96 వేలు, మీవారి పేరున అయితే లక్షా 20 వేలు. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, అంటే 48 వేలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్ల లోపుంటే జీఎస్టీ 1 శాతమే, 24 వేలు. ఆవాస్ పథకం కూడా ఇల్లు భార్య పేరున గానీ ఉమ్మడిగా గానీ ఉండాలనే కోరుతుంది. కాబట్టి మీ పేరున రాయించుకోవడమే అన్ని విధాలా మేలు.

ఈ జవాబు చేరేలోపే డబ్బు ఇచ్చేసి ఉంటే కంగారుపడకండి. రసీదు, ఫోన్‌లో వచ్చిన మెసేజీలు, బ్రోచరు జాగ్రత్త చేయండి. డబ్బు తిరిగి ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. స్పందన లేకపోతే భువనేశ్వర్‌లోని ఒడిశా రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. రిజిస్టర్ కాని ప్రాజెక్టు మీద కూడా ఆ సంస్థకు చర్య తీసుకునే అధికారం ఉంది.