మార్కులు చెప్పని పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే, బాబు చదివేది ఒడియా మీడియం. మూడో తరగతిలో ఉండగా 2024 డిసెంబరు 4న బడిలో సర్వే పరీక్ష పెట్టారు. మార్కులు చెప్పలేదు, ర్యాంకూ లేదు. వాడికి టెన్షన్ తప్ప ఏం మిగిలింది? మళ్లీ పెడితే ఆ రోజు మానిపించేద్దామనుకుంటున్నాను.
– ఒక తల్లి

జవాబు: మానిపించకండమ్మా. అది దేశమంతటా బడిపిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూసే పరఖ్ సర్వే. మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు 781 జిల్లాల్లో పెట్టారు, దాదాపు 21 లక్షల మంది రాశారు. బాబుకు మార్కులు వేయడానికి కాదు, జిల్లాలో పిల్లలకు ఏం వచ్చిందో చూడటానికి. అందుకే రిపోర్టు జిల్లా పేరున వస్తుంది.

నేను గుణుపురంలో లెక్కలు చెప్పేవాణ్ణి. బడి పరీక్షకు ప్రశ్నలు మావే, దిద్దేదీ మేమే. చెప్పిన లెక్కనే అంకెలు మార్చి ఇస్తాం. అందులో తొంభై తెచ్చుకున్న పిల్లాడికి నిజంగా ఎంత వచ్చిందో పదో తరగతి బోర్డు పరీక్షదాకా బయటపడదు. అప్పుడు తెలిసి ఏం లాభం? ఈ సర్వేలో మూడో తరగతి వాళ్లలో 99 వరకు అంకెల్ని వరసలో పేర్చగలిగింది 55 శాతమే. ఇది మూడులోనే తెలియాలి. వెనకబడ్డ పిల్లలు ఆ రోజు ఇంట్లో ఉండిపోతే జిల్లా చదువు ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది, వాళ్లకు రావాల్సిన సాయం రాదు.

మన సరిహద్దు పిల్లలకు ఇంకో చిక్కుంది. లెక్క తప్పితే, తీసివేత రాకా, ఒడియాలో ప్రశ్న అర్థంకాకా? సర్వే అంకె ఒక్కటే అది చెప్పదు. మీరు తేల్చుకోవచ్చు. 'యాభై రూపాయలిచ్చి ముప్పై రెండుకు వంకాయలు కొంటే ఎంత తిరిగివ్వాలి?' అని తెలుగులో నోటితో అడగండి. టక్కున చెప్పాడా, వాడికి లెక్క వచ్చు. కావాల్సింది ఒడియా చదవడంలో సాయం. చెప్పలేదంటే లెక్కే మళ్లీ మొదలుపెట్టాలి.

తేలింది టీచరుకు చెప్పండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. సమావేశానికి వెళ్లండి. మీ గజపతి జిల్లా రిపోర్టు చూపించమనండి. మూడో తరగతి లెక్కల్లో పిల్లలు ఎక్కడ ఆగిపోయారో, దానికి ఈ ఏడాది బడిలో ఏం చేస్తున్నారో హెడ్‌మాస్టారిని అడగండి.