మాట రాని బిడ్డకు చూపు పరీక్ష ఎలా చేస్తారు?

మీ బాబుకు 14 నెలలు, ఎడమకన్ను అప్పుడప్పుడు ముక్కువైపు వాలుతోందని రాశారు. మెల్లకన్ను అదృష్టమని మీ అత్తగారు అంటున్నారు, అక్షరాలు వచ్చాక తీసుకురమ్మని కళ్లద్దాల షాపువాళ్లు అన్నారు. ఈ రెండు మాటలూ పక్కన పెట్టి పిల్లల కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. పుట్టిన మొదటి మూడు నాలుగు నెలల్లో కళ్లు అటూ ఇటూ తిరిగినా కంగారుపడనక్కరలేదు. ఆ తరువాత కూడా ఒక కన్ను పక్కకు పోతోందంటే చూపించాల్సిందే.

చూపు కొలవడానికి అక్షరాలు రావాలన్నది అపోహ. మా పాపకు రెండున్నరేళ్లప్పుడు నా ఒడిలోనే కూర్చోబెట్టుకుని కొలిపించాను. ముందుగా పొడవాటి బూడిదరంగు అట్టలు ఒక్కొక్కటే చూపించారు. ఒక పక్కన నలుపు తెలుపు గీతలుంటాయి, మరో పక్కన ఏమీ ఉండదు. ఖాళీని వదిలి గీతలవైపు చూడటం పసిపిల్లలకు సహజం. అట్ట మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది, పరీక్ష చేసేవారు అందులోంచి బిడ్డ చూపు ఎటు పోతోందో గమనిస్తారు. గీతలు సన్నబడుతూ పోయి, ఏ అట్ట దగ్గర చూపు ఎటూ నిలవదో దాన్నిబట్టి లెక్క కడతారు. మొదట ఒక కన్ను మూసి, తరువాత రెండోది మూసి చేస్తారు.

అసలు పరీక్ష చుక్కల మందు వేశాక జరుగుతుంది. పిల్లల కంటికి దృష్టిని సర్దుకునే శక్తి చాలా ఎక్కువ కాబట్టి ప్లస్ పవర్‌ను (దగ్గరివి మసకగా కనిపించే దోషాన్ని) చాలావరకు దాచేస్తుంది. మందుతో ఆ సర్దుబాటును కాసేపు ఆపి, రెటినోస్కోప్ అనే చేతిదీపంతో కంట్లోకి సన్నని వెలుగు వేస్తారు. లోపలినుంచి తిరిగివచ్చే ఎర్రని మెరుపు ఎటు కదులుతోందో చూస్తూ, కంటి ముందు అద్దాలు మార్చి మార్చి పెట్టి పవర్ తేలుస్తారు. బిడ్డ ఒక్క మాటైనా చెప్పనక్కరలేదు. మెల్ల ఉన్న పిల్లలకు కొందరు డాక్టర్లు అట్రోపిన్ ఆయింట్‌మెంట్ ఇచ్చి, పరీక్షకు ముందు మూడు రోజులు ఇంట్లోనే పెట్టమంటారు. ముఖం ఎర్రబడినా, జ్వరం వచ్చినా మందు ఆపి వెంటనే వాళ్లకు ఫోను చేయండి. ఆ మందు ప్రభావం వారం దాటి కూడా ఉంటుంది, ఎండలోకి టోపీ లేకుండా తీసుకెళ్లవద్దు.

మా పాపకు కుడికన్ను దాదాపు సరిగానే ఉంది, ఎడమకంటికి ప్లస్ ఐదు. మెల్ల లేదు, తడుముకోవడం లేదు, నేలమీది చీమను కూడా పట్టుకునేది. ఒక కన్ను బాగుంటే బిడ్డ పనులన్నీ దానితోనే జరిగిపోతాయి, ఫిర్యాదు చేయదు. అనుమానం వచ్చింది ఆటలో. ఎడమకన్ను మూస్తే నవ్వుతూనే ఉండేది, కుడికన్ను మూస్తే మాత్రం ఏడ్చి చేయి తోసేసేది. మసకగా కనిపించే కంటినుంచి వచ్చేదాన్ని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది, ఆ కంటికి చూపు ఎదగదు. దీన్నే లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్లలోపు మొదలుపెడితే వైద్యం బాగా పనిచేస్తుంది, తరువాత ఫలితం తగ్గుతూ వస్తుంది. అక్షరాలు వచ్చేదాకా ఆగమనే సలహా మీద నాకు కోపం అందుకే.

మాకు కళ్లద్దాలు, రోజుకు రెండు గంటలు మంచి కంటిని మూసే పట్టీ, అంటే ప్యాచ్. ప్యాచ్ పీకేయడం ఆమెకు పెద్ద సరదా. అది ఉన్నప్పుడే బొమ్మల టీవీ అన్న నియమంతో దారికొచ్చింది. మీ బాబుకు ఏది అవసరమో పరీక్ష చేశాకే తెలుస్తుంది. ప్లస్ పవర్ వల్ల కన్ను లోపలికి వాలే కొందరు పిల్లలకు కళ్లద్దాలతోనే కళ్లు తిన్నగా అవుతాయి.

మీరూ ఇంట్లో ఒకటి చూడవచ్చు. ఎదురుగా ఒక చేయి దూరంనుంచి బాబు ముఖం మీదికి చిన్న టార్చి వేస్తే రెండు నల్లగుడ్లలోనూ వెలుగుచుక్క ఒకేచోట కనిపించాలి. ముక్కుదూలం వెడల్పుగా ఉన్న పిల్లలకు మెల్ల లేకపోయినా ఉన్నట్టు అనిపిస్తుంది, అప్పుడు చుక్కలు సరిగ్గానే పడతాయి. అయినా ఆఖరి మాట డాక్టరుదే.

ఫ్లాష్ ఫొటోల్లో కంటిపాప తెల్లగా మెరుస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగవద్దు. అది ఉత్త వెలుతురు మాయ కావచ్చు, కానీ శుక్లమో, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరో కూడా కావచ్చు. ఇది చదివేవారిలో నెలలు నిండకుండా బిడ్డను కన్నవారుంటే, 34 వారాలలోపు పుట్టినా, బరువు రెండు కిలోలకన్నా తక్కువున్నా 30 రోజులలోపే రెటీనా (కంటి లోపలి వెనుక పొర) పరీక్ష చేయించాలి. మరీ ముందుగా పుట్టినవారికి ఇంకా త్వరగా. కళ్లు చూడటానికి బాగున్నాయని వదిలేయవద్దు.

హైదరాబాదుకు రాగలిగితే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. పల్లెల్లో ఉంటే అంగన్‌వాడీలో అడగండి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పిల్లలను పరీక్షించి జిల్లా కేంద్రానికి పంపుతాయి.

వెళ్లేరోజు బాబు నిద్ర తీరాక, కడుపు నిండాక బయలుదేరండి. పుట్టినప్పటినుంచి తీసిన ఫొటోలు ఫోనులో ఉంచుకోండి, కన్ను ఎప్పటినుంచి వాలుతోందో వాటినిబట్టి చెప్పవచ్చు. ఇంట్లో ఎవరికి చిన్నతనంలోనే కళ్లద్దాలు వచ్చాయో, మెల్ల ఉందో ముందే అడిగి తెలుసుకోండి. వీలైతే అత్తగారినీ వెంట తీసుకెళ్లండి. మా ఇంట్లో పెద్దావిడ ఆ గీతల అట్టల పరీక్ష కళ్లారా చూశాకే ప్యాచ్‌కు ఒప్పుకున్నారు.