స్లీవ్ ఆపరేషన్‌కి వెళ్లే ముందు ఇంట్లో చెప్పాల్సినవి, వచ్చాక చూసుకోవాల్సినవి

ఒంగోలు నుంచి అడిగిన చెల్లెలికి. మీరు రాసింది ఇదీ: వయసు 34, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు, నాలుగేళ్లుగా షుగర్, ఇద్దరు పిల్లలు. చెన్నైలో డాక్టర్ స్లీవ్ (బరువు తగ్గడానికి కడుపులో చాలా భాగం తీసేసే ఆపరేషన్) చేయించుకోమన్నారు, అత్తగారేమో కడుపు కోయించుకోవడం ఏంది అని ఒప్పుకోవడం లేదు. ముందు ఏం సిద్ధం చేసుకోవాలి, కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది, తగ్గిన బరువు మళ్లీ వస్తుందా అని అడిగారు. నేను కావలి దగ్గర టీచర్ని. నాకు కొన్నేళ్ల కిందట చెన్నైలోనే స్లీవ్ చేశారు, ఇప్పుడు బాగున్నాను. డాక్టర్ని కాను కాబట్టి మందుల విషయంలో మీ సర్జన్ మాటే ఆఖరిది. కానీ ఇంటికొచ్చాక వంటగదిలో, బంధువుల మధ్య ఎలా ఉంటుందో హాస్పిటల్లో అంతగా చెప్పరు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ముందు అత్తగారి సంగతి మాట్లాడుకుందాం. ఆపరేషన్ గంట, గంటన్నరలో అయిపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి మీకు ఏం వండాలో, ఎంత పెట్టాలో తెలియాల్సింది ఆమెకే కదా. అందుకని ఈసారి చెన్నై వెళ్లేటప్పుడు ఆమెని కూడా తీసుకెళ్లి డాక్టర్ ఎదురుగా కూర్చోబెట్టండి, డైటీషియన్ దగ్గరికీ తీసుకెళ్లండి. మా అత్తగారు కూడా మొదట్లో వద్దనే అన్నారు. డైటీషియన్ కాగితం మీద బొమ్మ గీసి, కడుపులో 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు, మిగిలేది సన్నటి గొట్టం, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోనే పోతుంది కాబట్టి ఆకలి తగ్గుతుంది అని చెప్పాక ఆమె అడిగిన మొదటి మాట, "మరి బిడ్డకి నీరసం రాదా" అని. దానికి జవాబు దొరికాకే మెత్తబడ్డారు. పెద్దవాళ్ల భయాన్ని చాదస్తమని కొట్టిపారేయొద్దు. తీసేసిన కడుపుని మళ్లీ పెట్టలేరు, ఇది నిజంగానే పెద్ద నిర్ణయం. అయితే అనుభవం ఉన్న సర్జన్ చేస్తే దీని రిస్కు గాల్ బ్లాడర్ ఆపరేషన్ రిస్కుకి దగ్గరగానే ఉంటుందని, షుగర్ని, ఈ బరువుని ఇలాగే ఇరవై ఏళ్లు మోస్తే గుండెకీ కిడ్నీలకీ జరిగే నష్టం అంతకన్నా పెద్దదని కూడా ఆమెకి తెలియాలి, అదీ డాక్టర్ నోటి నుంచి వినాలి.

ఇన్సూరెన్స్ ఉంటే ఈ పని ముందే చూసుకోండి. మీ బీఎమ్ఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, 41 దాటింది. ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో ఊబకాయం ఆపరేషన్లకి కంపెనీ డబ్బు ఇవ్వక్కర్లేదనే మినహాయింపు ఉంటుంది కానీ, 18 ఏళ్లు నిండి, డాక్టర్ సలహా మీద చేయించుకుంటూ, బీఎమ్ఐ 40 గానీ ఆపైన గానీ ఉన్నవాళ్లకి ఆ మినహాయింపు వర్తించదు. 35 ఉన్నా గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), ఎంత వైద్యం చేసినా అదుపులోకి రాని టైప్ 2 షుగర్ లాంటివి ఉంటే అప్పుడు కూడా వర్తించదు. పాలసీలో వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ చేయడానికి ఎన్నాళ్లు ఆగాలో, చదవండి. ఇంకో విషయం, మీ ఎత్తుకి 100 కిలోల దగ్గర బీఎమ్ఐ సరిగ్గా 40 అవుతుంది. ఆపరేషన్ ముందు డైట్‌లో నాలుగైదు కిలోలు తగ్గడం మామూలే. కాబట్టి డైట్ మొదలుపెట్టక ముందే ఇప్పటి బరువు, ఎత్తు, షుగర్ వివరాలు డాక్టర్ లెటర్ హెడ్ మీద రాయించి, తేదీ వేయించి, ఆ కాగితంతోనే అప్రూవల్‌కి పంపించండి.

టెస్టులు చాలా చేస్తారు, విసుక్కోకండి. రక్త పరీక్షలు, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), బి12, విటమిన్ డి, ఐరన్, పొట్ట స్కానింగ్, ఈసీజీ, ఎకో, ఎండోస్కోపీ. వీటిలో ఎండోస్కోపీ రిపోర్టు గురించి గట్టిగా అడగండి. మీకు ఇప్పటికే ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఎక్కువగా ఉంటే స్లీవ్ తర్వాత అవి పెరగొచ్చు, అలాంటప్పుడు బైపాస్ (గుండెది కాదు, కడుపుని చిన్నది చేసి తిండిని నేరుగా పేగులోకి మళ్లించే ఆపరేషన్) మేలని కొందరు డాక్టర్లు అంటారు. షుగర్ మీద కూడా బైపాస్ ప్రభావం కొంచెం ఎక్కువే, కానీ దాంట్లో విటమిన్ల లోపం కూడా ఎక్కువ వస్తుంది. స్లీవ్ చేయించుకున్నదాన్నని మీకూ స్లీవే చేయించుకోమని నేను చెప్పను. రాత్రి గట్టిగా గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా అని మీ ఆయన్ని అడిగి డాక్టర్‌కి చెప్పండి, అలా ఉంటే మత్తు ఇచ్చేముందే స్లీప్ టెస్ట్ చేయాలి. గర్భం రాకుండా వాడే మాత్రలు, పీరియడ్స్ కోసం వాడే హార్మోన్ మాత్రలు, ఎవరో ఇచ్చిన పసరు మందులు ఏవున్నా దాచకండి. కొన్ని హార్మోన్ మాత్రల వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఆపరేషన్‌కి ముందు సుమారు రెండు వారాలు తక్కువ కేలరీలు, ఎక్కువ ప్రొటీన్ ఉండే డైట్ ఇస్తారు. అన్నం, ఇడ్లీ, దోశ, చక్కెర అన్నీ బంద్. ఎందుకంటే లివర్ ఎడమ వైపు భాగం సరిగ్గా కడుపు మీదే ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బిన లివర్ ఉంటే సర్జన్‌కి కడుపు సరిగా కనపడదు, ఈ డైట్‌తో అది చిన్నదవుతుంది. మొదటి మూడు నాలుగు రోజులే కష్టం, తలనొప్పి, చిరాకు. మీకు షుగర్ ఉంది కాబట్టి తిండి తగ్గించి మాత్రలు పాత డోసులోనే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. డైట్ మొదలుపెట్టే రోజే మాత్రల డోసు అడిగి మార్పించుకోండి. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలు వాడుతుంటే అవి ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే ఆపాలి.

హాస్పిటల్లో గడిచే రోజుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పొట్ట మీద చిన్న చిన్న గాట్లు పెట్టి లాపరోస్కోపీతో చేస్తారు, అదే రోజు లేపి నడిపిస్తారు, నొప్పిగా ఉన్నా నడవండి. పొట్టలోకి పంపిన గ్యాస్ వల్ల భుజం లాగుతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. రెండు మూడు రోజులకి డిశ్చార్జ్ చేస్తారు కానీ వెంటనే ఒంగోలు బండెక్కకండి. దాదాపు 300 కిలోమీటర్ల ప్రయాణం. కుదిరితే హాస్పిటల్‌కి దగ్గరలో కొన్నాళ్లు ఉండి, సర్జన్ ఒకసారి చూశాక బయల్దేరండి. కారులో అయితే గంటకోసారి ఆపి దిగి నడవాలి.

ఇక్కడి నుంచి మీ ఆయన కూడా చదవాలి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, పెరుగుతూ పోయే కడుపునొప్పి, ఆయాసం, కుట్టు దగ్గర లీక్ అవుతుందనడానికి ఇవి గుర్తులు. ఒక కాలి పిక్క వాచి నొప్పెడితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. వీటిలో ఏది కనపడినా గ్యాస్ అనుకుని వీధి చివర ఆరెంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని పడుకోవద్దు. అర్ధరాత్రైనా సర్జన్‌కి ఫోన్ చేయాలి, ఆ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

ఆరెంపీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన వైపు నీరసం అంటే చాలు గ్లూకోజ్ ఎక్కిస్తారు. ఈ ఆపరేషన్ అయిన మనిషి రోజుల తరబడి వాంతులు చేసుకుంటుంటే ఒంట్లో బి1 అడుగంటిపోతుంది, ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు రెండుగా కనపడటం, నడకలో తూలడం, మాట తికమకపడటం దాని లక్షణాలు. అందుకే వాంతులు ఆగకపోయినా, తాగిన నీళ్లు కూడా ఒక రోజంతా నిలవకపోయినా, పెద్ద హాస్పిటల్‌కే వెళ్లి, ఫలానా ఆపరేషన్ అయింది, ముందు థయమిన్, అంటే బి1, ఇవ్వండి అని చెప్పాలి. మోకాళ్ల నొప్పులని డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి కూడా అడగకుండా వాడొద్దు, కడుపులో పుండ్లు పడతాయి. నేను ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను, ఇప్పటికీ ఉంది.

ఇక తిండి. మొదట నీళ్ల లాంటివి, తర్వాత పాలు, మజ్జిగ, పలచటి సూపులు, ఆ తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తటి తిండి, మామూలు తిండికి వచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఒక్కో హాస్పిటల్ ఒక్కోలా చెబుతుంది, మీవాళ్ల చార్టే మీకు ప్రమాణం. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంటుందే, మొదటి వారం నా గ్లాసు అదే. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని కొంచెం చప్పరించి, ఆగి, మళ్లీ చప్పరించడం, రోజంతా అదే పని. అలా అలా లీటరున్నర దాకా పోవాలి, లేకపోతే ఒళ్లు ఎండిపోయి మళ్లీ హాస్పిటల్లో పడాల్సి వస్తుంది. మా అత్తగారు కందిపప్పు కట్టుని పలచటి గుడ్డలో వడకట్టి, కాస్త ఉప్పు, చిటికెడు మిరియాల పొడి వేసి వేడివేడిగా ఇచ్చేవారు. రుచికి అమృతం, కానీ పప్పు కట్టులో, చారులో ప్రొటీన్ పెద్దగా ఉండదు, అది తాగి బలం వచ్చిందనుకోవద్దు. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి, ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. అందుకే మొదటి నెలల్లో డైటీషియన్ చెప్పిన ప్రొటీన్ పౌడర్ తప్పదు, వాసన నచ్చకపోయినా తాగాలి. మెత్తటి తిండి దశకి వచ్చాక మన వైపు చేపలు దొరకడం అదృష్టమే అనాలి, ముల్లు తీసిన చందువ ముక్క, నూనె, కారం, చింతపండు తగ్గించి వండితే అంతకన్నా హాయిగా అరిగేది లేదు. ప్లేటులో ముందు గుడ్డో చేపో పనీరో తినాలి, తర్వాత కూర, చోటు మిగిలితేనే అన్నం. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ఒక్క ముద్ద ఎక్కువైనా ఛాతీలో రాయి పెట్టినట్టు ఉంటుంది, నోట్లో నీళ్లూరి వాంతి అవుతుంది.

బంధువుల దగ్గర దీన్ని నిలబెట్టుకోవడమే కష్టం. నెల్లూరులో ఒక పెళ్లికి వెళ్తే వరసకి పిన్నమ్మ ఒకావిడ "ఏందమ్మా, పిట్ట మాదిరి తింటన్నావే" అంటూ విస్తట్లో బొబ్బట్టు వేసి నెయ్యి పోసింది. ప్రేమే, కాదనను. మా ఆయన వచ్చి, తనకి కడుపు ఆపరేషన్ అయింది పిన్నీ, ఎక్కువైతే వాంతి అవుతుంది అని చెప్పి బొబ్బట్టు తన విస్తట్లోకి తీసుకున్నారు. మీ ఇంట్లో ఆ మాట చెప్పే మనిషి ఎవరో ముందే అనుకోండి. ఆపరేషన్ సంగతి ఊరందరికీ చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, పక్కన కూర్చుని వడ్డించేవాళ్లకి మాత్రం తెలియాలి.

కోలుకోవడం అంటే, కూర్చుని చేసే ఉద్యోగమైతే రెండు నుంచి నాలుగు వారాల్లో వెళ్లొచ్చు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ ఎత్తడం, చిన్నవాడిని చంకనెత్తుకోవడం మాత్రం నెలా నెలన్నర దాకా వద్దు. మొదటి వారాల్లో నీరసం ఉంటుంది, ఏడుపు కూడా వస్తుంది. తినలేకపోవడం ఒక రకమైన దిగులు, దాన్ని ఎవరితోనైనా చెప్పుకోండి. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది, దువ్వెన నిండా వస్తుంది, భయపడకండి. ప్రొటీన్, ఐరన్ సరిగా అందుతుంటే కొన్ని నెలల్లో ఆగి మళ్లీ వస్తుంది. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, అందుకని కొందరికి ఆరు నెలలు మాత్ర ఇస్తారు, మానొద్దు. షుగర్, బీపీ మాత్రలు తగ్గిస్తూ పోవాల్సి వస్తుంది, ఇంట్లో మిషన్‌తో చూసుకుంటూ ఉండండి.

విటమిన్లు జీవితాంతం. ఏడాది బాగుంది కదా అని ఆపేసినవాళ్లే రక్తహీనతతో, అరికాళ్ల తిమ్మిర్లతో తిరిగి వస్తారు. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలు ఉండాలి. ఐరన్ మాత్ర టీతో అసలే వద్దు. నేను ఐరన్ రాత్రి పడుకునేముందు, కాల్షియం స్కూల్లో మధ్యాహ్నం పూట వేసుకుంటాను. రక్త పరీక్షలు మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి, ఆ తర్వాత ఏటా. ఆ పరీక్షలకి చెన్నై వెళ్లక్కర్లేదు, ఒంగోల్లోనే చేయించి రిపోర్టు పంపించొచ్చు.

మీరు అడగలేదు కానీ, మళ్లీ పిల్లల ఆలోచన ఉంటే కనీసం ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. బరువు తగ్గేకొద్దీ గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, పీసీఓడీ ఉన్నవాళ్లకి మరీను. ఏ జాగ్రత్త తీసుకోవాలో గైనకాలజిస్టుని ఇప్పుడే అడగండి.

బరువు మళ్లీ వస్తుందా అంటే, కొంచెం రావడం చాలామందిలో ఉంది. తగ్గేదంతా దాదాపు మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే తగ్గుతుంది, మధ్యలో వారాల తరబడి ముల్లు కదలని రోజులు కూడా ఉంటాయి. చిన్న కడుపు అన్నాన్ని ఆపుతుంది గానీ కూల్‌డ్రింకుని, ఐస్‌క్రీముని, మలై కాజాని, టీవీ ముందు పెట్టుకున్న మిక్చర్ని ఆపలేదు, అవి జారిపోతాయి. వాటిని ఇంట్లోకే రానివ్వకండి, పిల్లల కోసం అని కూడా కొనకండి. రోజూ నడక, వారానికి రెండు మూడు సార్లు కండకి పని చెప్పే వ్యాయామం పెట్టుకోండి. నాలుగైదు కిలోలు పెరిగినట్టు కనపడితే సిగ్గుపడి ఫాలోఅప్ మానేయకుండా అప్పుడే వెళ్లండి, డైట్ సరిచేయడం, మందులు, అవసరమైతే బైపాస్‌గా మార్చడం, దారులు చాలా ఉన్నాయి. ఎండోస్కోపీ అయ్యాక స్లీవా బైపాసా ఏం తేల్చారో రాయండి, మీవాళ్లిచ్చిన డైట్ చార్ట్ కూడా పంపండి, అది చూసి వంటల సంగతి నాకు తెలిసినంతవరకు చెబుతాను.