టైమ్ పట్టడానికి పోయినవాడి జవాబు

మీ తమ్ముడు హన్మకొండలో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు, ఈమధ్య ఎవరితోనూ సరిగా మాట్లాడట్లేదు, రోజూ వ్యాయామం చేస్తే మనసు కుదుటపడుతుందా అని అడిగారు. పడుతుందండీ. కానీ ఫోన్ చేసి "పొద్దున్నే లేచి వాకింగ్ చేయరా" అని మాత్రం చెప్పకండి. నాకూ అందరూ అదే చెప్పారు. మా మామ చెప్పాడు, క్లాసులో సార్ చెప్పారు, చివరికి కటింగ్ షాపాయన కూడా చెప్పాడు. నేను ఒక్కరోజు చేస్తే ఒట్టు.

2022లో నయీంనగర్‌లో రూమ్ తీసుకుని డిగ్రీ చదువుతున్నాను. రెండు సబ్జెక్టులు పోయాయి. ఊళ్లో వానలకు పత్తి పోయింది, ఫీజు బాకీ ఉంది. రాత్రి మూడింటి దాకా ఫోన్, పగలు పన్నెండింటి దాకా మంచం. డిప్రెషన్ అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు. మా అమ్మ దగ్గర ఉన్నది ఒకటే మాట, రంది. "రంది పెట్టుకోకు బిడ్డా" అనేది ఫోన్లో. నేను పెట్టుకున్నదా అది, దానంతటదే వచ్చి కూర్చుంది.

నా రూమ్మేట్ కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసై ఈవెంట్స్‌కి, అంటే ఉరికే పరీక్షలకి, తయారవుతున్నాడు. అప్పటి రూల్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. నవంబర్ చలిలో ఒకరోజు ఐదింటికి నా దుప్పటి గుంజాడు. "లే రా. నువ్వు ఉరుకకు. టైమ్ వట్టు, సాలు."

సరే, పోయాను. దుప్పటి కప్పుకునే పోయి గ్రౌండు గట్టు మీద కూర్చుని ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టేవాణ్ణి. నాలుగు రౌండ్లు, రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు. మొదటి రెండూ బాగానే కొట్టేవాడు. మూడో రౌండులో కాళ్లు పడిపోయేవి, రెండు నిమిషాలు దాటేది. వారం రోజులు ఇదే చూసి చూసి, కూర్చున్న నాకే వాడి మీద కోపం వచ్చేది.

ఒక పొద్దున వాడు మూడో రౌండులో నన్ను దాటుతుంటే ఏమనిపించిందో, దుప్పటి పడేసి వాడి పక్కన ఉరికాను. హవాయి చెప్పులతో. "ఉరుకు, ఉరుకు" అని అరుస్తూనే ఉన్నాను. సగం రౌండు కాకముందే ఒక చెప్పు తెగింది, డొక్కలో పట్టేసింది, తుమ్మచెట్టు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. వాడు నాలుగు రౌండ్లూ పూర్తిచేసి రొప్పుకుంటూ వచ్చి అడిగిన మొదటి మాట, "టైమ్ ఎంతరా?" ఫోన్ గట్టు మీద దుప్పట్లో ఉంది. తీసి చూస్తే పంతొమ్మిది నిమిషాలు, ఇంకా నడుస్తూనే ఉంది. వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ రోజు ఇడ్లీ బండి దగ్గర రెండు ప్లేట్లు తిన్నాను. రాత్రి పదిన్నరకే నిద్రపోయాను. మర్నాటి నుంచి మూడో రౌండు నాది. నేను లేవకపోతే వాడి టైమ్ పాడవుతుంది కాబట్టి లేచేవాణ్ణి, అంతే.

ఉరికితే ఒంట్లో హాయినిచ్చే ఎండార్ఫిన్లు ఊరుతాయి, అవీ ఇవీ అంటారు. ఉండే ఉంటాయి. నా విషయంలో ముందు దారికొచ్చింది నిద్ర. తర్వాత ఆకలి. క్లాసుకు పోవడం చివర్న వచ్చింది. ఇందులో సగం ఫలితం ఉరకడానిది కాదు, పొద్దుగాల దుప్పటి గుంజే మనిషిది అని నేను ఎవరితోనైనా వాదిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు చెబుతుంది. అంటే రోజుకు ఇరవై రెండు నిమిషాలు కూడా కాదు. ఆ కాసేపటికి జిమ్ము ఫీజు, డబ్బాల కొద్దీ ప్రోటీన్ పొడి ఎందుకో నాకు అర్థం కాదు.

అసలు ఉరకడానికి చోటేది? నేను ఇంటర్ చదివిన కాలేజీ మూడంతస్తుల అపార్ట్‌మెంట్. గ్రౌండు లేదు గానీ పీఈటీ సార్ ఉండేవారు, ఫీజు కట్టనివాళ్ల లిస్టు రాయడం ఆయన పని. ఇక మా చెల్లె ఉండే హాస్టల్లో ఆరున్నర దాకా గేటే తీయరు. ఆడపిల్లలు ఎప్పుడు నడవాలి, ఎక్కడ నడవాలి?

డిసెంబర్లో ఈవెంట్స్ జరిగాయి. మా గ్రౌండులో ఎంత చచ్చినా 7:20 దగ్గర ఆగినవాడు అక్కడ 6:50కి వచ్చేశాడు. తర్వాత అనుమానమొచ్చి టేపు పట్టి కొలిస్తే, 400 అనుకున్న మా రౌండు దాదాపు 430 ఉంది.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. మాతో వచ్చిన ఇంకో క్లాస్‌మేట్‌కి ఇది పని చేయలేదు. నెల రోజులు వచ్చాడు, ఇంకా చిక్కిపోయాడు. డాక్టర్ దగ్గర మందులు మొదలుపెట్టాకే మనిషయ్యాడు. మీ తమ్ముడు తిండి మానేసినా, చచ్చిపోవాలనే మాట ఒక్కసారి అన్నా, గ్రౌండు సంగతి పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌కి చూపించండి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

అంతదాకా పోలేదంటారా, అయితే వాడి రూమ్మేట్ నంబర్ ఉందా మీ దగ్గర? ముందు ఆ అబ్బాయికి ఫోన్ చేయండి.